పదో తరగతి బ్యాచ్‌లో కనిపించనివాళ్ళు

డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా విజయవాడ, గుంటూరు జిల్లా పేజీలు తిరగేస్తే ఇంచుమించు రోజూ ఒక ఫొటో ఎదురవుతుంది. ముందు వరస కుర్చీల్లో శాలువాలు కప్పుకున్న మాస్టార్లు, వెనక రెండు మూడు వరసల్లో యాభై దాటిన మగవాళ్ళు, ఓ పక్కకి ఒదిగి కొద్దిమంది ఆడవాళ్ళు, పైన ఫలానా సంవత్సరం పదో తరగతి బ్యాచ్ అని ఫ్లెక్సీ. శీర్షిక 'పూర్వ విద్యార్థుల అపూర్వ సమ్మేళనం'. గురువులను సన్మానించారు, చనిపోయిన మిత్రులకు నివాళి అర్పించారు, బడికి వాటర్ ప్లాంటో బీరువానో ఇచ్చారు, చిన్ననాటి జ్ఞాపకాలు నెమరువేసుకున్నారు అంటూ వార్త ముగుస్తుంది.

అక్కడి సంతోషం నిజమైనదే. ఆఫీసులో సార్, ఇంట్లో నాన్న, వీధిలో ఫలానా గారు అయిపోయిన మనిషిని ముప్పై నలభై ఏళ్ళ తర్వాత ఒకరు వచ్చి "ఏరా" అని పిలవడం చిన్న సంగతి కాదు. ఆ ఒక్క పిలుపు కోసం హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, సముద్రాలు దాటి కూడా వస్తారు. కాకపోతే ఆ రోజు నెమరువేసుకున్నవి ఏమిటి, అవి ఎంతవరకు నమ్మదగ్గవి, అసలు ఎవరి జ్ఞాపకాలు అన్నది వార్తలో ఉండదు. ఈ రెండు ఊళ్ళలో హైస్కూలు చదువుల గురించి రాతలో మిగిలింది చాలా తక్కువ. ఎన్నో బళ్ళ చరిత్ర ఇప్పుడు ఈ మనుషుల నోళ్ళలోనే ఉంది. అందుకే ఆ ప్రశ్నలు అడగాలి. సమ్మేళనంలో వినిపించే బడి, అసలు బడిలో ఒక ముక్క మాత్రమే. పది దాకా రాగలిగినవాళ్ళు, పాసైనవాళ్ళు, ఇవాళ ఆ హాలు దాకా రాగలిగినవాళ్ళు కలిసి చెప్పుకునే బడి అది.

ముందు, బాగా నిలిచేవి ఏమిటో చూద్దాం. ముఖాలు నిలుస్తాయి. 1975లో అమెరికాలో హ్యారీ బారిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 392 మంది హైస్కూలు పాత విద్యార్థులను పరీక్షించారు. వాళ్ళ క్లాసు ఫొటోల్లోని ముఖాలను బయటివాళ్ళ ముఖాలతో కలిపి చూపిస్తే, చదువు ముగిసి ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళు కూడా పదింటికి తొమ్మిది సరిగ్గా పట్టుకున్నారు. ఫొటో చూపించి పేరు చెప్పమంటే మాత్రం తడబడ్డారు. ఫంక్షన్ హాలు గుమ్మం దగ్గర జరిగేదీ ఇదే. "గుర్తుపట్టావా?" అనగానే ముఖం తెలుస్తుంది, పేరు రాదు, పెట్టిన ముద్దుపేరు ముందు వస్తుంది. కోస్తాలో ప్రతి క్లాసులోనూ ఇద్దరు ముగ్గురు శ్రీనివాసరావులు, ఇద్దరు నాగేశ్వరరావులు ఉండేవాళ్ళు. ఇంటిపేరుతో పిలిస్తే తప్ప ఎవరు పలకాలో తెలిసేది కాదు. అందుకే చాలామందికి స్నేహితుడి పేరు పోయినా ఇంటిపేరు, హాజరు నంబరు మిగిలిపోతాయి.

రోజూ చేసినవీ నిలుస్తాయి. 1962లో పైడిమర్రి వెంకటసుబ్బారావు తెలుగులో రాసిన ప్రతిజ్ఞను అరవై ఏళ్ళ మనిషి కూడా చెయ్యి చాచి ఆగకుండా చెప్పేస్తాడు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే మధ్యాహ్నం కాలవలో ఈత, హిందీలో ఇరవై వస్తే పాసు అన్న ధీమా, పబ్లిక్ పరీక్ష దరఖాస్తు నింపేటప్పుడు మాస్టారు చొక్కా పైకెత్తించి పుట్టుమచ్చలు వెతకడం, ఇవి ఏ ఊరి బ్యాచ్‌లో అడిగినా ఒకేలా వస్తాయి. అరవైల్లో చదివినవాళ్ళు ఇంకా థర్డ్ ఫారం, ఫోర్త్ ఫారం లెక్కలోనే మాట్లాడతారు. వాళ్ళ ఎస్సెల్సీ, అంటే హైస్కూలు ఆఖరి పబ్లిక్ పరీక్ష, పదకొండో తరగతికి.

నలభై దాటినవాళ్ళను జీవితంలో గుర్తున్నవి చెప్పమంటే పదేళ్ళకీ ముప్పై ఏళ్ళకీ మధ్య జరిగినవే ఎక్కువ చెబుతారని పరిశోధకులు మళ్ళీ మళ్ళీ చూశారు. ఆ వయసులో జరిగేవి చాలావరకు మొదటిసారి జరిగేవి కావడం అందుకు ఒక కారణమంటారు. కృష్ణా, గుంటూరు పల్లెల పిల్లలకు ఇది మరీ వర్తిస్తుంది. అయిదు దాకా ఊళ్ళో బడి, ఆరుకి పట్నం. మొదటి బస్ పాసు, మొదటి అద్దె సైకిలు, మొదటి హిందీ అక్షరం, సబ్జెక్టుకో మాస్టారు రావడం, ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజిని ఎవరో తెలియని పిల్లల పక్కన కూర్చుని విప్పడం. అన్నీ ఒక్క జూన్ నెలలో మీద పడేవి.

ఇక, జారిపోయేవి. అందులో మొదటివి మార్కులు. అదే బారిక్ 1996లో 99 మంది కాలేజీ విద్యార్థులను వాళ్ళ హైస్కూలు గ్రేడ్లు చెప్పమని, రికార్డులతో పోల్చాడు. మంచి గ్రేడ్లు 89 శాతం సరిగ్గా చెప్పారు. అడుగు గ్రేడ్లలో సరిగ్గా చెప్పింది 29 శాతమే. తప్పు చెప్పినప్పుడు ఎక్కువగా పైకే చెప్పారు. వాళ్ళు బడి వదిలి కొన్నేళ్ళే అయింది, అబద్ధమాడే అవసరమూ లేదు. అలాంటప్పుడు నలభై ఏళ్ళ తర్వాత మైకు పట్టుకుని చెప్పే 'నాలుగొందల చిల్లర'ను ఎలా తీసుకోవాలో ఊహించవచ్చు. ఆరొందలకి మూడొందల అరవై వస్తే ఫస్టు క్లాసు అయిన రోజుల్లో ఆ గీతకి కాస్త కింద ఆగిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. సమ్మేళనాల్లో వాళ్ళు కనిపించరు.

అలాగని కాగితమే నిజం, జ్ఞాపకం అబద్ధం అనుకోవడానికీ లేదు. పదో తరగతి మెమోలో ఉన్న పుట్టినతేదీ చాలామందికి అసలు పుట్టినతేదీ కాదు. బళ్ళో చేర్చేటప్పుడు వయసు సరిపోవడానికి మాస్టారు తోచిన తేదీ వేశారు. జూన్, జూలై నెలల్లో పుట్టినట్టు రాసినవాళ్ళు అంతమంది ఉండటానికి కారణం అదే. 'నేను పుట్టింది పెద్ద వాన పడ్డ రోజు' అన్న అమ్మ మాట ఒక వైపు, సర్వీసు రిజిస్టర్ దాకా పాకిన తేదీ ఒక వైపు. రిటైర్మెంటు మాత్రం రెండోదాని ప్రకారమే వస్తుంది. పైగా 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు సింగ్‌నగర్ వైపు ఎన్నో ఇళ్ళలో బీరువా కింది అరల్లో దాచిన సర్టిఫికెట్లు, గ్రూప్ ఫొటోలు బురదపాలయ్యాయి. మెమోకి డూప్లికేట్ తెచ్చుకోవచ్చు. క్లాసు ఫొటో ప్రతి ఇంకో క్లాస్‌మేట్ ఇంట్లోనే దొరకాలి. బ్యాచ్ వాట్సాప్ గ్రూపులకు ఉన్న అసలైన ఉపయోగాల్లో ఇదొకటి.

సంవత్సరాలు కూడా కలిసిపోతాయి. ఎనిమిదిలో జరిగింది తొమ్మిదిలోకి, ఒక మాస్టారి మాట ఇంకో మాస్టారి నోట్లోకి వెళతాయి. దీనికి మనవాళ్ళ దగ్గర ఎప్పటి నుంచో ఒక ఉపాయం ఉంది. తేదీ గుర్తులేకపోతే పెద్ద సంఘటనకి కట్టి చెప్పడం. జై ఆంధ్ర ఉద్యమంలో బళ్ళు నెలల తరబడి మూతపడ్డ 1972-73, దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నవంబరు, అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని భయపడ్డ 1979 జూలై, కృష్ణా పుష్కరాలు. "ఉప్పెన బాధితులకి బట్టలు పోగుచేసిన ఏడాది" అంటే ఇక ఆ జ్ఞాపకానికి సంవత్సరం దొరికినట్టే.

కానీ అలాంటి సంఘటనల్లో అందరూ చెప్పుకునేవీ ఉన్నాయి, ఎవరూ నోరెత్తనివీ ఉన్నాయి. 1988 డిసెంబరు 26న విజయవాడలో నిరాహార దీక్షా శిబిరంలో ఎమ్మెల్యే వంగవీటి మోహన రంగా హత్యకు గురయ్యారు. నగరంలో అల్లర్లు చెలరేగి, దుకాణాలు తగలబడి, వారాల తరబడి కర్ఫ్యూ నడిచింది. ఆ ఏడాది టెన్త్ పిల్లలకు పబ్లిక్ పరీక్షలు అప్పటికి మూడు నెలల దూరంలో ఉన్నాయి. విజయవాడలో ఆ బ్యాచ్‌కి అంతకంటే పెద్ద అనుభవం ఉండే అవకాశం లేదు. అయినా వేదికల మీద కర్ఫ్యూ మాట వస్తే సెలవులు దొరికాయనో, కొవ్వొత్తి వెలుగులో చదివామనో ఒక నవ్వు నవ్వి దాటేస్తారు. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పిల్లలు ఆ వారాలను ఏ వీధిలో, ఏ కులం ఇంట్లో, ఎవరికి భయపడుతూ గడిపారన్నదాన్ని బట్టి రెండు వేరువేరు ఊళ్ళు చూశారు. 'రాజకీయాలు, కులం, మతం పోస్టులు వద్దు' అన్న వాట్సాప్ గ్రూపు నియమం స్నేహాన్ని కాపాడటానికి పెట్టుకున్నదే, అందులో తప్పుపట్టాల్సింది లేదు. దానికి కట్టే మూల్యం మాత్రం ఉంది. బడి గేటు బయట ఏం జరిగేదో గ్రూపులో ఎప్పటికీ రాదు.

గేటు లోపల జరిగినవాటిలోనూ ఒక విషయం దగ్గర జ్ఞాపకం బలంగా ఒక పక్కకి వాలుతుంది. దెబ్బలు. గోడకుర్చీ, గుంజీళ్ళు, తొడపాశం, పచ్చి బెత్తం. ప్రతి సమ్మేళనంలోనూ ఎవరో ఒకరు మాస్టారి కాళ్ళకి దణ్ణం పెట్టి "ఆ రోజు మీరు కొట్టబట్టే ఇలా ఉన్నాను సార్" అంటారు. హాలంతా చప్పట్లు. మాస్టారి కళ్ళలో నీళ్ళు. ఆ కృతజ్ఞత బూటకం కాదు, చాలామంది మాస్టార్లు ఆ పిల్లల కోసం సాయంత్రాలు, ఆదివారాలు, తమ జీతంలోంచి ఫీజు డబ్బులూ ఖర్చుపెట్టినవాళ్ళు. అయితే ఆ మాట అనగలిగినవాడు దెబ్బలు తిని కూడా బళ్ళో మిగిలినవాడు. దెబ్బలకి జడిసి ఎనిమిదిలో పుస్తకాల సంచి పడేసి వెళ్ళిపోయినవాడికి ఆ వేదిక లేదు. అతన్ని ఎవరూ పిలవరు. 'దెబ్బలే బాగుచేశాయి' అన్నది మిగిలినవాళ్ళను మాత్రమే లెక్కపెట్టి తేల్చిన మాట. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఇప్పటి టీచర్లతో "మా రోజుల్లో అయితే" అని వాదించే పాత విద్యార్థులు ఆ వెళ్ళిపోయినవాడిని కూడా ఒకసారి అడిగి మాట్లాడితే బాగుంటుంది.

అసలు చిక్కు అక్కడే ఉంది. మనం బ్యాచ్‌ని పదో తరగతి సంవత్సరంతో లెక్కపెడతాం. ఆరో తరగతిలో కలిసి చేరినవాళ్ళు బ్యాచ్ కారు, పదో తరగతి పరీక్ష కలిసి రాసినవాళ్ళే బ్యాచ్. ఈ లెక్క ఎంత అలవాటైపోయిందంటే, దీనివల్ల ఎవరు బయట ఉండిపోయారో ఆలోచించడమే మానేశాం. ఏడో తరగతికి కూడా పబ్లిక్ పరీక్ష ఉన్న రోజుల్లో అక్కడే ఆగిపోయినవాళ్ళున్నారు. తొమ్మిదిలో తప్పి మరుసటి ఏడాది చిన్నవాళ్ళతో కూర్చోలేక మానేసినవాళ్ళున్నారు. మార్చిలో పోయి సెప్టెంబరులో మళ్ళీ రాసినవాళ్ళను ఏ బ్యాచ్‌లో వేయాలో ఎవరికీ తెలియదు. రైల్వే ఉద్యోగుల పిల్లలు నాన్న బదిలీతో టీసీ తీసుకుని మధ్యలో వెళ్ళిపోయారు. విజయవాడలో బడి మానిన మగపిల్లలు ఆటోనగర్ షెడ్లలో, ప్రింటింగ్ ప్రెస్సుల్లో, మార్కెట్ కొట్లలో తేలారు. గుంటూరులో ఆడపిల్లలు పొగాకు గ్రేడింగ్‌కీ మిర్చికి తొడిమలు తీసే పనికీ వెళ్ళారు. వీళ్ళు ఎక్కడో పోయినవాళ్ళు కారు. చాలామంది ఇప్పటికీ అదే ఊళ్ళో, బడికి రెండు మూడు వీధుల అవతల ఉంటారు. అమెరికాలో ఉన్న క్లాస్‌మేట్ దొరికినంత తేలిగ్గా వీళ్ళు దొరకకపోవడానికి దూరం కారణం కాదు. అడ్రసు ఎవరూ అడగలేదు.

ఆడవాళ్ళ సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి. కో-ఎడ్యుకేషన్ బళ్ళ సమ్మేళనం ఫొటోల్లో వాళ్ళు తక్కువగా కనబడటానికి 'రావడానికి ఇష్టపడరు' అన్న మాట తేలిగ్గా అనేస్తారు. కారణాలు దానికి ముందే మొదలవుతాయి. పెళ్ళితో ఇంటిపేరు మారిపోతుంది. బళ్ళో తెలిసిన ఇంటిపేరుతో ఫేస్‌బుక్‌లో వెతికితే ఆమె దొరకదు. పుట్టింటివాళ్ళు పాత ఇల్లు అమ్మేసి ఉంటే ఆ దారీ మూసుకుపోతుంది. తీరా నంబరు దొరికి, మగవాళ్ళు ఎక్కువగా ఉన్న గ్రూపులో చేర్చితే, ఇంట్లో ఎవరేమంటారోనన్న టెన్షన్‌తో రెండు రోజుల్లో బయటికి వచ్చేసేవాళ్ళున్నారు. అందుకే కొన్ని బ్యాచ్‌ల ఆడవాళ్ళు విడిగా చిన్న గ్రూపు పెట్టుకుని, ఎవరో ఒకరి ఇంట్లో మధ్యాహ్నం పూట కలుస్తారు. పేపర్లో పడేది పెద్ద సభ. చెప్పుకోవాల్సినవి చాలావరకు ఈ చిన్న గదుల్లోనే బయటికి వస్తాయి. లెక్కల్లో క్లాసు ఫస్టు వచ్చిన అమ్మాయి ఇంటర్లో చేరకపోవడానికి కారణం, బడి నుంచి ఇంటికి నడిచే దారిలో ఎదురైన వేధింపులు, టాయిలెట్ లేక పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా ఉండటం. ఈ చివరిదాన్ని మగవాళ్ళ జ్ఞాపకాల్లో వెతికితే ఒక్క వాక్యం కూడా దొరకదు. అదే బడి, అదే క్లాసు.

హాస్టల్ పిల్లల జ్ఞాపకాలకీ ఇదే గతి. సాంఘిక సంక్షేమ హాస్టల్ నుంచి వచ్చే పిల్లలకు మధ్యాహ్నం గంట అంటే ఎండలో హాస్టల్ దాకా వెళ్ళి రావడం. ఇంటి క్యారేజీల వాళ్ళకి అది ఆవకాయ పంచుకున్న గంట. "మా రోజుల్లో కులాలే తెలియవు, అందరం ఒకే కంచంలో తిన్నాం" అనేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, వాళ్ళ గుంపులో అలాగే జరిగి ఉంటుంది. ఆ కంచం చుట్టూ ఎవరెవరు ఉన్నారో, ఎవరు అటువైపు రాకుండానే ఉండిపోయారో ఇప్పుడు పేర్లు పెట్టి గుర్తుచేసుకుంటే వాళ్ళకే కొత్తగా ఉంటుంది.

నలుగురూ కలిసి గుర్తుచేసుకుంటే ఎక్కువ గుర్తొస్తాయని అనుకుంటాం. ప్రయోగాల్లో దానికి వ్యతిరేకంగా తేలింది. ఒక గుంపు కలిసి కూర్చుని గుర్తుచేసుకున్నవాటి కంటే, అంతే మంది విడివిడిగా రాసినవాటిని కలిపితే ఎక్కువ వస్తాయి. ఒకరు మొదలుపెట్టిన కథ మిగతావాళ్ళ దారి మళ్ళిస్తుంది. బాగా మాట్లాడేవాడి వెర్షన్ రెండు మూడు సమ్మేళనాలు తిరిగేసరికి అందరి వెర్షన్ అయిపోతుంది. అప్పుడు అక్కడ లేనివాడు కూడా తాను చూసినట్టే చెబుతాడు. కాబట్టి బ్యాచ్ చరిత్ర ఏదైనా పుస్తకంగానో సావనీర్‌గానో తేవాలనుకునేవాళ్ళు సభ తర్వాత కాకుండా సభకి నెల ముందే అందరి దగ్గరా విడివిడిగా రాయించుకోవడం మేలు. రాయడం అలవాటు లేనివాళ్ళు ఫోన్లో వాయిస్ మెసేజ్ పెట్టినా చాలు. 'మరపురాని జ్ఞాపకం చెప్పండి' అని అడిగితే అందరూ ఒకటే చెబుతారు. మీ పక్కన కూర్చున్నది ఎవరు, బడికి ఏ దారిన వచ్చేవాళ్ళు, మధ్యాహ్నం ఎక్కడ తినేవాళ్ళు, ఏ మాస్టారికి భయపడేవాళ్ళు, మీతో ఆరులో ఉండి పదిలో లేనిది ఎవరు అని అడిగితే బడి బయటికి వస్తుంది.

తర్వాతి తరాలకు లెక్క మారింది. ఎనభైల తర్వాత గుంటూరు, విజయవాడ రెసిడెన్షియల్ చదువులకు రాష్ట్రమంతా తెలిసిన ఊళ్ళయ్యాయి. పిల్లలు ఎనిమిదికో తొమ్మిదికో బడి మారి, మార్కులను బట్టి సెక్షన్లు మారి, స్టడీ అవర్లలో పెరిగారు. వాళ్ళ జ్ఞాపకాల్లో బడి కంటే హాస్టల్ గది ఎక్కువ. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ వల్ల పదో తరగతి పరీక్షలే రద్దయ్యాయి. పరీక్షతో బ్యాచ్‌ని లెక్కపెట్టే పద్ధతి వాళ్ళ దగ్గర ఎలా నిలుస్తుందో చూడాలి.

పాత బ్యాచ్‌లకు మాత్రం ఒక తొందర ఉంది. ఈ రెండు నగరాల్లో తరాలకు తరాలు చదివిన హైస్కూళ్ళలో చాలా భాగం ఎయిడెడ్ బళ్ళు, అంటే ప్రైవేటు యాజమాన్యం కింద ప్రభుత్వం ఇచ్చే జీతాలతో నడిచేవి. ఖాళీ అయిన టీచర్ పోస్టులు ఏళ్ళ తరబడి నింపకపోవడంతో అవి ముందే చిక్కిపోయాయి. 2021లో రాష్ట్ర ప్రభుత్వం బళ్ళను అప్పగించండి, లేదా ఎయిడెడ్ సిబ్బందిని ఇచ్చేసి సొంతంగా నడుపుకోండి అని యాజమాన్యాలను అడిగింది. అప్పుడు తల్లిదండ్రులు, పాత విద్యార్థులు రోడ్డెక్కారు. బడి మూతపడితే భవనం సంగతి అందరూ మాట్లాడతారు. లోపలి బీరువాలో ఉన్న అడ్మిషన్ రిజిస్టర్ సంగతి ఎవరూ మాట్లాడరు. అందులో ప్రతి పిల్లవాడికీ ఒక వరస ఉంటుంది. చేరిన తేదీ, తండ్రి పేరు, చేరిన తరగతి, చివర్లో బడి వదిలిన తేదీ, వదిలినప్పటి తరగతి. ఏడు, ఎనిమిది అని రాసి ఉన్న వరసలన్నీ ఫ్లెక్సీ మీదకి ఎక్కనివాళ్ళవి.

ఈ రిజిస్టర్ చూడటానికి వేసవి సెలవుల్లో వెళితే ఆఫీసు తెరిచి ఉండదు, జూన్‌లో వెళితే అడ్మిషన్ల హడావుడి. జూలైలో హెడ్మాస్టరుకి ఒక అర్జీ ఇచ్చి, తాము ఆరులో చేరిన ఏడాది పేజీలు అక్కడే కూర్చుని చూస్తామని అడగవచ్చు. కులం, చిరునామా కాలమ్‌లు ఉన్న పేజీని ఫొటో తీసి గ్రూపులో పెట్టకూడదు. పేరు, వదిలిన తరగతి రాసుకుంటే చాలు. తర్వాత ఆ పేర్లను, ఊళ్ళోనే ఉండిపోయిన క్లాస్‌మేట్‌కి, అంటే బడి దగ్గర కిరాణా కొట్టో జిరాక్స్ షాపో నడుపుతున్నవాళ్ళకి చదివి వినిపించాలి. సగం మంది అడ్రసులు వాళ్ళ దగ్గరే ఉంటాయి.